సంకల్పంతో దాహం తీరుతుందా?

అల్లాహ్ మానవునికి ప్రసాదించిన అనుగ్రహాలలో నీటి స్థానం ప్రత్యేకమైనది. ప్రాణమున్న ప్రతిదానినీ నీటి ద్వారానే సృష్టించినట్లు ఆయన దివ్యఖుర్ఆన్‌లో తెలియజేశాడు (అల్ అంబియా: 30). అందుకే దాహంతో ఉన్నవారికి నీరందించడాన్ని ఇస్లాం ఉత్తమ దానాలలో ఒకటిగా పరిగణించింది. హజ్రత్ సాద్ బిన్ ఉబాదా (రజి) తల్లి మరణించినప్పుడు, ఆమె తరఫున ఏ దానం చేస్తే శ్రేష్ఠమని ఆయన దైవప్రవక్త (సఅసం)ను అడిగారు. నీటి దానం శ్రేష్ఠమని ఆయన (సఅసం) తెలియజేశారు. సాద్ (రజి) ఒక బావి తవ్వించి, అది తన తల్లి తరఫున అని ప్రకటించారు. ఈ సంఘటన అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది.

ఈ బోధనల ప్రభావం వల్లనే నేడు ఎంతోమంది ముస్లింలు తల్లిదండ్రుల పేర బోర్లు వేయిస్తున్నారు, మస్జిదుల ముందు నీళ్ల ట్యాంకులు కట్టిస్తున్నారు. చదువుకున్న యువకులు సెలవులలో మారుమూల కొండ గ్రామాలకు వెళ్లి, వాన నీటిని పట్టి నిలువచేసే తొట్లు, కుంటలు కట్టే పనిలో చెమటోడ్చడం కూడా అక్కడక్కడా చూస్తున్నాం. ఇది ఎంతో హర్షించదగిన విషయం.

అయితే ఇక్కడ ఆలోచించవలసిన ప్రశ్న ఒకటుంది. ఒక కొండ గ్రామంలో కొందరు మంచి మనసుతో ఒక తొట్టి కట్టారనుకోండి. దానికి డబ్బిచ్చినవారు అల్లాహ్ ప్రీతి కోసమే ఇచ్చారు. రాళ్లు మోసినవారు కూలి ఆశించకుండా మోశారు. కాని రెండో వానాకాలానికే తొట్టి పగిలింది. దాన్ని బాగుచేయడం ఆ ఊరిలో ఎవరికీ తెలియదు. బాగుచేయడానికి పక్కన పెట్టిన పైసా లేదు. ఊరి స్త్రీలు మళ్లీ బిందెలు పట్టుకొని లోయలోకి దిగుతున్నారు. మరి ఈ సేవ నెరవేరినట్లా? కర్మలు సంకల్పాలను బట్టే ఉంటాయన్న ప్రసిద్ధ హదీసును చూపి, “మా నియ్యత్ మంచిది, మా పుణ్యం మాకు దక్కింది, తర్వాత ఏమైనా మాకు సంబంధం లేదు” అని కొందరంటారు. ఈ మాట ఎంతవరకు సరైనది? ఈ విషయాన్ని ఖుర్ఆన్, హదీసుల వెలుగులో కాస్త నిదానంగా పరిశీలిద్దాం.

కొండ మీది దాహం

ఈ ప్రశ్న స్పష్టంగా అర్థం కావాలంటే కొండ ప్రాంతపు నీటి కష్టం ఎలాంటిదో ముందు తెలుసుకోవాలి. దీనికి యమన్ దేశాన్ని మించిన ఉదాహరణ లేదు. విశ్వాసమూ వివేకమూ యమన్‌కు చెందినవని దైవప్రవక్త (సఅసం) ఆ ప్రాంత ప్రజలను ప్రశంసించారు. మనకు కూడా ఆ దేశంతో బంధుత్వం ఉంది. హైదరాబాదు పాతబస్తీలోని బార్కస్‌లో నేటికీ నివసిస్తున్న అనేక కుటుంబాల పూర్వీకులు నిజాంల సైన్యంలో పనిచేయడానికి యమన్‌లోని హజ్రమౌత్ నుండి వచ్చినవారే.

యమన్ పడమటి భాగంలో ఎత్తయిన పర్వతాలున్నాయి. అరేబియాలోని ఎడారులతో పోలిస్తే అక్కడ వాన బాగానే పడుతుంది. వసంతంలో ఒకసారి, ఎండాకాలం చివర మరోసారి వానలు వస్తాయి. కాని కొండ మీద పడిన వాన అక్కడ ఆగదు. కొద్ది గంటలలోనే వాలు వెంట పరుగెత్తి లోయలోకి పోతుంది. ఊళ్లేమో కొండ శిఖరాల మీద ఉంటాయి. పూర్వీకులు రక్షణ కోసమూ, సాగుభూమి వృథా కాకుండా ఉండటం కోసమూ ఇళ్లను రాతి మీద కట్టుకున్నారు. నీరు కింద, మనుషులు పైన. ఈ రెంటి మధ్య దూరాన్ని స్త్రీలూ పిల్లలూ గాడిదలూ మోస్తున్నారు. నిండు బిందెతో ఎత్తు ఎక్కవలసిన ఆడపిల్లకు బడికి పోయే సమయం ఎక్కడిది?

ఈ కష్టానికి ఆ ప్రజల పూర్వీకులే ఒక పరిష్కారం కనుగొన్నారు. వాన కురిసేటప్పుడు బండల మీద నుండి జారే నీటిని కాలువలతో మళ్లించి, రాతిలో తొలిచిన తొట్లలోకి చేర్చేవారు. వాటిని ‘మాజిల్’ అనీ ‘బిర్కా’ అనీ పిలుస్తారు. రాజధాని సన్‌ఆకు వాయవ్యాన ఉన్న సులా, హబాబా వంటి ఊళ్లలో మెట్లతో కూడిన అలాంటి పురాతన తొట్లను నేటికీ చూడవచ్చు. నీరు తొట్టిలో పడకముందే మట్టి అడుగున పేరుకుపోయేలా ముందు ఒక చిన్న గుంట కట్టేవారు. తొట్టి లోపల ‘ఖదాద్’ అనే పూత పూసేవారు. ఇది మన పాతకాలపు గచ్చు లాంటిదే. సున్నంలో అగ్నిపర్వతపు రాతి ముక్కలు కలిపి, రోజుల తరబడి రాళ్లతో కొట్టి కొట్టి గట్టిపరచి, నునుపుచేసి, చివర జంతువుల కొవ్వు రుద్దుతారు. ఓపికగా చేసిన ఖదాద్ తరాల పాటు నీటిని కారనివ్వదు. తొందరపడి చేసినది త్వరలోనే బీటలు వారుతుంది.

ఇంటి పైకప్పు మీద పడే వాన కూడా తక్కువేమీ కాదు. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు వస్తుంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద సంవత్సరానికి 300 మిల్లీమీటర్ల వాన పడితే 30,000 లీటర్లు. అందులో అయిదో వంతు వృథా అయినా 24,000 లీటర్లు మిగులుతాయి. ఎనిమిది మంది ఉన్న ఇంటికి మనిషికి రోజుకు 20 లీటర్ల చొప్పున ఇవి అయిదు నెలలు సరిపోతాయి. అల్లాహ్ ఇంటి మీద కురిపించిన కారుణ్యాన్ని ఇంట్లోనే నిలుపుకోవడమంటే ఇదే.

1970ల తర్వాత యమన్‌లో డీజిల్ పంపులూ గొట్టపు బావులూ వచ్చాయి. ఖాత్ ఆకు తోటల కోసం భూగర్భ జలాన్ని అదుపు లేకుండా తోడారు. పాత తొట్ల పట్ల శ్రద్ధ తగ్గింది. చాలాచోట్ల పూడిక చేరింది, కాలువలు తెగిపోయాయి. కొన్నేళ్లకు బావుల నీరు లోతుకు దిగిపోయాక జనం మళ్లీ పాత తొట్ల వైపు చూశారు. 1997లో ఏర్పడిన అక్కడి సామాజిక అభివృద్ధి నిధి వంటి సంస్థలు ఈ తొట్లను బాగుచేయడానికీ, ఇళ్ల దగ్గర కొత్తవి కట్టడానికీ సాయపడ్డాయి. ఊరివారు తమ వంతుగా రాయినీ శ్రమనూ సమకూర్చారు. 2014లో మొదలై 2015లో తీవ్రమైన యుద్ధం ఈ కష్టాన్ని ఇంకా పెంచింది. 2016లో ప్రారంభమైన కలరా 2017 చివరికి పది లక్షలకు పైగా అనుమానిత కేసులకు చేరింది. కొండ ప్రజలకు కావలసింది ఏదో ఒక నీరు కాదు, పరిశుభ్రమైన నీరు అని ఈ విషాదం మరోసారి తెలియజేసింది.

సంకల్పం బాధ్యతను తగ్గిస్తుందా, పెంచుతుందా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. సంకల్పం లేని కర్మకు అల్లాహ్ వద్ద విలువ లేదు. ఇందులో భిన్నాభిప్రాయానికి తావు లేదు. మంచి పని చేయాలని గట్టిగా సంకల్పించి, చేయలేకపోయినవానికి కూడా పుణ్యం లభిస్తుందని హదీసు ఉంది. ప్రళయం ముంచుకొస్తున్న వేళ చేతిలో మొక్క ఉన్నా, వీలుంటే దానిని నాటమని దైవప్రవక్త (సఅసం) ప్రబోధించారు. అంటే ఫలితం మన చేతిలో లేదు. తొట్టి కట్టిన మర్నాడే భూకంపం వచ్చి అది కూలిపోయినా కట్టినవాని పుణ్యం ఎక్కడికీ పోదు.

కాని ఈ హదీసులను జాగ్రత్తగా గమనించండి. చేయలేకపోయినవాడు వేరు, చూసుకోనివాడు వేరు. దైవప్రవక్త (సఅసం) మొక్కను నాటమన్నారు, నేల మీద విసిరేయమనలేదు. నాటడమంటే గుంట తీయాలి, వేరు కప్పాలి, నీరు పోయాలి. అంతవరకు మన పని. ఆ తర్వాత అది బతకడం అల్లాహ్ ఆజ్ఞ. మన పనిని కూడా అల్లాహ్ ఖాతాలో వేసి, ఇదే తవక్కుల్ అని చెప్పుకోవడం సరికాదు.

మరో హదీసు ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. ఈ హదీసును అబూదావూద్, నసాయీ ఉల్లేఖించారు. రోగికి మందిచ్చిన వ్యక్తి అతణ్ణి చంపాలని ఇవ్వలేదు, బతికించాలనే ఇచ్చాడు. అతని నియ్యత్ మంచిదే. అయినా షరీఅత్ అతణ్ణి విడిచిపెట్టలేదు. ఎందుకని? అవతల దెబ్బతిన్నది మరో దైవదాసుని ప్రాణం. అల్లాహ్‌కూ దాసునికీ మధ్య ఉన్న విషయంలో సంకల్పం ఎంతో పని చేస్తుంది. కాని దాసుల హక్కుల విషయంలో తెలుసుకోవడం, జాగ్రత్త పడటం కూడా విధి అవుతాయి. మూతలేని తొట్టి కట్టి, పశువులు దిగే చోటునే మనుషులు తాగే చోటుగా వదిలి, దాని వల్ల పిల్లలు జబ్బు పడితే, “మా ఉద్దేశ్యం మంచిదే కదా!” అన్న జవాబు చాలుతుందా?

అల్లాహ్ ప్రతి విషయంలోనూ ‘ఇహ్‌సాన్’ను, అంటే పనిని చక్కగా చేయడాన్ని విధించాడని సహీహ్ ముస్లింలోని ఒక హదీసు తెలియజేస్తుంది. ఆ హదీసులో జిబహ్ చేసే కత్తికి పదును పెట్టుకోవాలన్న ఆదేశం కూడా ఉంది. కొద్ది క్షణాలలో ప్రాణం పోయే జంతువు విషయంలోనే ఇంత శ్రద్ధ అవసరమైతే, ఏళ్ల తరబడి మనుషులు తాగవలసిన నీటి విషయంలో ఎంత శ్రద్ధ అవసరం? తొట్టి గోడకు రోజుల తరబడి ఓపికగా ఖదాద్ కొట్టిన ఆ పేరులేని యమనీ మేస్త్రీ ఈ హదీసును తన చేతులతో ఆచరించాడు.

నిజానికి స్వచ్ఛమైన సంకల్పమే మనిషి చేత ఈ శ్రద్ధ పెట్టిస్తుంది. బిడ్డకు జ్వరం వస్తే తల్లి చేతికందిన మందు పోసి, “నా నియ్యత్ మంచిది” అని నిద్రపోదు. జ్వరం తగ్గిందా లేదా అని రాత్రంతా నుదుటి మీద చేయి పెట్టి చూస్తూనే ఉంటుంది. దాహం తీర్చాలన్నదే మన సంకల్పమైతే, దాహం తీరిందో లేదో చూడకుండా ఉండలేం. ప్రారంభోత్సవంతో మనం తృప్తిపడి తిరిగి వచ్చేస్తే, మన సంకల్పం నీటి మీద ఉందా, ప్రారంభోత్సవం మీద ఉందా అని మన అంతరంగాన్ని మనమే ప్రశ్నించుకోవాలి.

మద్‌యన్ నీటి రేవు నేర్పే పాఠం

నీటి సేవకు దివ్యఖుర్ఆన్‌లో ఒక గొప్ప ఆదర్శం ఉంది. అది హజ్రత్ మూసా (అలై) వృత్తాంతం (అల్ ఖసస్: 23, 24). ఆయన ఈజిప్టు నుండి ప్రాణభయంతో బయలుదేరి, అలసిపోయి మద్‌యన్ చేరుకున్నారు. నీటి రేవు దగ్గర జనం తమ పశువులకు నీరు పెడుతున్నారు. ఇద్దరు స్త్రీలు మాత్రం తమ పశువులను ఆపుకుంటూ దూరంగా నిలబడి ఉన్నారు. ఆ తర్వాత మూసా (అలై) చేసినవి నాలుగు పనులు. సేవ చేయదలచిన ప్రతి ఒక్కరూ వీటిని నేర్చుకోవాలి.

మొదటిది, ఆయన చూశారు. అందరికీ కనిపించే రద్దీని కాకుండా, ఆ రద్దీ వెనుక వేచి ఉన్నవారిని చూశారు.

రెండవది, ఆయన అడిగారు. మీ సంగతేమిటని ఆ స్త్రీలనే అడిగారు. బలవంతుడు, దయగలవాడు, ఎదుటి అవసరం కళ్లకు కనిపిస్తూనే ఉంది. అయినా ముందు అడిగారు. కాపరులు పశువులను తోలుకొని పోయేవరకు తాము నీరు పెట్టలేమనీ, తమ తండ్రి వృద్ధుడనీ వారు చెప్పారు. అసలు విషయం అప్పుడు తెలిసింది. నేడు కొండ గ్రామాలలో తొట్టి ఎక్కడ కట్టాలన్నది సాధారణంగా ఊరి పెద్దలూ బయటి నుండి వచ్చినవారూ కూర్చొని నిర్ణయిస్తారు. బిందె మోసేది మాత్రం స్త్రీలు. ఏ దారిలో జారుడు ఎక్కువ, ఏ మెట్టు మీద నిండు బిందెతో నిలబడటం కష్టం, ఏ నెలలో నీరు అడుగంటుతుంది అన్నవి వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పరదా మర్యాద పాటిస్తూనే, ఇంటి పెద్దల ద్వారానో, తోటి స్త్రీల ద్వారానో వారి మాట తెలుసుకోవడం సాధ్యమే. ప్రవక్త అడిగిన చోట మనం అడగకుండా ఉండటం ఏ సంస్కారం?

మూడవది, ఆయన స్వయంగా శ్రమించి వారి పశువులకు నీరు పెట్టారు. అలసట తీరాక చూద్దామనలేదు, కూలి అడగలేదు.

నాలుగవది, ఆయన తప్పుకున్నారు. పని పూర్తి కాగానే నీడలోకి వెళ్లి, తన ప్రభువు ఏ మేలు పంపినా దానికి తాను అర్థిస్తున్నవాడినేనని వేడుకున్నారు. ఇప్పుడే సాయం చేసిన వ్యక్తి తనను దాతగా భావించుకోలేదు, నిరుపేదగా భావించుకున్నాడు! ఆ స్త్రీల కృతజ్ఞత కోసం అక్కడే నిలబడలేదు. సేవ చేసిన తర్వాత మనిషి మనసులో పుట్టే గర్వానికి ఈ ప్రార్థనే మందు.

బండ మీది పలుచని మట్టి

దానం చేసి ఎత్తిపొడిచేవాని గురించీ, నలుగురికీ చూపడానికి ఖర్చుపెట్టేవాని గురించీ అల్లాహ్ ఒక ఉపమానం ఇచ్చాడు (అల్ బఖరా: 264). నున్నటి బండ, దాని మీద పలుచని మట్టి. భారీ వాన పడగానే మట్టి కొట్టుకుపోయి బండ బోసిగా మిగిలిపోతుంది. ఆ వెంటనే వచ్చే ఆయతులో మరో ఉపమానం ఉంది. అల్లాహ్ ప్రీతి కోసం, నిలకడగల మనసుతో ఖర్చుపెట్టేవారి దానం మెట్ట మీది తోట వంటిది. భారీ వాన కురిస్తే రెట్టింపు పండుతుంది, కురవకపోతే తుంపర కూడా దానికి చాలు. వాన ఒక్కటే, ఎత్తు ప్రదేశమూ ఒక్కటే. తేడా అంతా లోపలి లోతులో ఉంది. కొండవాలు మీద రాతి గోడలు కట్టి, వాటి వెనుక మట్టిని నిలిపి మెట్లు మెట్లుగా సాగుచేసే రైతుకు ఈ ఉపమానాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. గోడ నిర్లక్ష్యం చేస్తే మట్టి ఏమవుతుందో అతనికి తెలుసు.

ఈ కాలంలో ఆ పలుచని మట్టి ఫోను కెమెరా రూపంలో వస్తున్నది. బిందెతో ఉన్న పేద స్త్రీ పక్కన నిలబడి ఫొటో తీసుకోవడం, దానిని నలుగురికీ పంపడం సేవలో భాగమైపోయింది. లెక్క చూపడానికి కట్టడం ఫొటో తీయడం వేరు, ఆమె పేదరికాన్ని ఫొటో తీయడం వేరు. చేయి చాచని పేదలను, వారి ఆత్మాభిమానం చూసి తెలియనివారు స్థితిపరులనుకుంటారని అల్లాహ్ ప్రశంసించాడు (అల్ బఖరా: 273). అల్లాహ్ ప్రశంసించిన ఆ ఆత్మాభిమానాన్ని మన ఫొటో హరించకూడదు.

ఇంకొక విషయం కూడా ఆలోచించాలి. దూరం నుండి పదిమంది యువకులు ప్రయాణం చేసి, వారం రోజులుండి, తమకు రాని తాపీ పని చేసి వస్తారు. ఆ ప్రయాణ ఖర్చుతో ఆ ఊరి మేస్త్రీకే కూలి ఇచ్చి ఉంటే తొట్టి గట్టిగా ఉండేది, ఆ ఇంటిలో పొయ్యి కూడా వెలిగేది. అలాగైతే వెళ్లడమే తప్పా? కాదు. దైవప్రవక్త (సఅసం) మదీనాలో మస్జిద్ నిర్మాణానికి తన చేతులతో ఇటుకలు మోశారు. హిజ్రీ 5లో కందకం తవ్వేటప్పుడు సహచరులతో కలిసి మట్టి మోశారు. పెద్దవారు చేతులు మురికి చేసుకోవడంలో ఎంతో శిక్షణ ఉంది. కాబట్టి పని తెలిసినవారు పని చేయడానికి వెళ్లాలి, తెలియనివారు నేర్చుకోవడానికి వెళ్లాలి. కొలతలు తీయడం, నీటిని పరీక్షించడం, లెక్కలు రాయడం వంటి పనులు వచ్చినవారు వాటిని ఊరివారికి నేర్పి రావాలి. పేదరికాన్ని చూసి రావడానికి మాత్రం వెళ్లకూడదు.

మదీనాలోని రూమా బావి విషయంలో దైవప్రవక్త (సఅసం) చేసిన ప్రేరణ ఇక్కడ గుర్తుచేసుకోదగినది. దానిని కొని, తన చేదను మిగతా ముస్లింల చేదలతో సమానం చేసేవారికి స్వర్గంలో అంతకంటే మేలైనది ఉందని ఆయన (సఅసం) శుభవార్త ఇచ్చారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) దానిని కొని అందరికీ వదిలారు. దాత చేద కూడా వరుసలో ఒక చేద మాత్రమే. ఇదీ ఇస్లాం నేర్పిన దాతృత్వం.

కట్టడం ఒక రోజు, కాపాడటం ప్రతి రోజు

ఆకాశం నుండి నీటిని కురిపించి తాగించింది తానేననీ, దానిని నిలువచేసేవారు మీరు కారనీ అల్లాహ్ మానవులకు గుర్తుచేశాడు (అల్ హిజ్ర్: 22). అంటే నీరు నిలువచేయకూడదని భావమా? కానేకాదు. హజ్రత్ యూసుఫ్ (అలై) కరవు రాకముందే ధాన్యం నిలువచేయించారు. ఒంటెను కట్టి అల్లాహ్‌ను నమ్ముకోమని దైవప్రవక్త (సఅసం) ఒక సహచరునికి చెప్పారు. తొట్టి కట్టడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. తొట్టి నిండినా యజమాని అల్లాహ్ అనీ, మనం దాని అమానత్‌దారులం మాత్రమేననీ ఈ ఆయతు నేర్పుతుంది. అమానత్ అన్నాక కాపలా కాయాలి.

యమన్‌లోనే వర్ధిల్లిన సబా జాతి గాథ సూరె సబాలో ఉంది. కుడి ఎడమల తోటలతో విలసిల్లిన ఆ జాతి విముఖమైపోగా, అల్లాహ్ వారి మీదికి కట్టలు తెంచుకున్న వరదను పంపాడు. దీనికి కేవలం రెండు ఆయతుల ముందు హజ్రత్ దావూద్ (అలై) కుటుంబీకులకు ఇచ్చిన ఆజ్ఞ ఉంది: కృతజ్ఞతగా పని చేయమని. కృతజ్ఞతను చెప్పమనడమే కాకుండా చేయమన్నాడు! షుక్ర్ నాలుకతో పాటు చేతులు కూడా చేసే ఆరాధన అని దీనివల్ల తెలుస్తుంది. సబా ప్రజల మఆరిబ్ ఆనకట్టకు శతాబ్దాల పాటు మళ్లీ మళ్లీ మరమ్మతులు జరిగినట్లు శిలాశాసనాలున్నాయి. క్రీ.శ. 6వ శతాబ్దం మధ్యలో యమన్‌ను పాలించిన అబ్రహా కూడా అలాంటి మరమ్మతు గురించి శాసనం వేయించాడు. ఎంత గొప్ప కట్టడమైనా దానంతట అది నిలవదు.

మన ఫుఖహాలు ఈ సత్యాన్ని బాగా గ్రహించారు. మదర్సాలలో బోధించే హనఫీ గ్రంథం ‘హిదాయా’లో వక్ఫ్ గురించి ఒక నియమం ఉంది. వక్ఫ్ ఆదాయాన్ని అన్నిటికంటే ముందు ఆ వక్ఫ్ ఆస్తి మరమ్మతుకే ఖర్చుపెట్టాలి. వక్ఫ్ చేసినవారు ఆ షరతు రాసినా రాయకపోయినా సరే. హక్కుదారులకు పంచడం ఆ తర్వాతే. కారణం స్పష్టమే. వక్ఫ్ ఉద్దేశ్యం శాశ్వత ప్రయోజనం, మరమ్మతు లేనిదే శాశ్వతం లేదు. ‘సదఖయె జారియా’లో ‘జారియా’ అంటే ప్రవహించేది అని అర్థం. రెండేళ్లు నీరిచ్చిన తొట్టి ఆ రెండేళ్ల పుణ్యాన్ని తప్పక ఇస్తుంది, అల్లాహ్ ఎవరి శ్రమనూ వృథా చేయడు. కాని ప్రవాహం ఆగాక దానిని ప్రవహించే దానమని ఎలా అనగలం?

ఖలీఫా హారూన్ రషీద్ సతీమణి జుబైదా పేరు కూఫా నుండి మక్కా వెళ్లే హజ్ మార్గంలోని నీటి తొట్లతోనూ, మక్కాకు నీరు తెచ్చిన కాలువతోనూ చిరస్థాయిగా నిలిచింది. అయితే ఆ కాలువ వందల ఏళ్లు పారిందంటే, తర్వాతి తరాలవారు దానిని పదే పదే బాగుచేయడం వల్లనే. పూడిక తీసిన కూలీల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు, అల్లాహ్ వద్ద ఉన్న గ్రంథంలో మాత్రం ఉంటాయి. మన రాయలసీమలో కూడా చెరువును కాపాడేవారికి దశబంధం పేర ఇనాము భూములు ఇచ్చే పద్ధతి ఉండేది. చెరువు తవ్వించిన దాతకు కీర్తి, దానిని చూసుకునేవారికి జీవనం. ఈ రెండూ కలిసినప్పుడే చెరువులు బతికాయి.

మన ఇళ్లలో చేయవలసింది

యమన్ కొండలు మనకు దూరమే. కాని తల్లి పేరో తండ్రి పేరో చెప్పి నీటి దానం చేయాలనే తపన మన ప్రతి ఇంటిలోనూ ఉంది. కాబట్టి ఈ విషయాలు గమనించండి.

నీటి దానం చేయదలచినప్పుడు ముందు ఆ బస్తీలో, ఆ ఊరిలో నీరు మోసేవారిని అడగండి. భూగర్భజలం అడుగంటిన చోట మరో బోరు వేయడం కంటే, వాన నీటిని నేలలోకి ఇంకించే గుంట తీయించడమో, పాత బావి పూడిక తీయించడమో, చెడిపోయిన పంపు బాగుచేయించడమో మేలు కావచ్చు. పాతదానికి ప్రాణం పోస్తే శిలాఫలకం మీద మన పేరు ఉండకపోవచ్చు, అయినా ఆ పుణ్యానికి కొరత ఉండదు.

దానం చేసే మొత్తంలో కొంత భాగాన్ని మరమ్మతుల కోసం వేరుగా ఉంచండి. ఎవరు శుభ్రం చేస్తారు, చెడిపోతే ఎవరు చూస్తారు అన్నది పని మొదలు కాకముందే నిశ్చయించండి. వీలైతే ఆ ఊరి వ్యక్తికే ఆ పని నేర్పించండి.

తాగునీరైతే తొట్టికి మూత, ముందు మట్టి పేరుకునే గుంట, పశువులకు వేరే చోటు ఉండాలి. కప్పు మీది మొదటి వాన నీటిని వదిలేయాలి.

మరొక ముఖ్య విషయం. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము పేదవాని స్వాధీనంలోకి వెళ్లాలి. బావులు, తొట్లు వంటి కట్టడాలకు ఖర్చుపెడితే జకాత్ నెరవేరదు. కనుక ఈ పనులకు నఫిల్ సదఖా సొమ్మునే వాడండి. సందేహముంటే మీ ఊరి ఆలిములను సంప్రదించండి.

బోరు మన ప్రహరీ లోపల ఉంటే దానికి తాళం వేయకండి. అవసరానికి మించిన నీటిని బాటసారికి ఇవ్వని వ్యక్తిని ప్రళయదినాన అల్లాహ్ కన్నెత్తి చూడడని సహీహ్ బుఖారీలోని హదీసు హెచ్చరిస్తున్నది. ఈ హక్కు ముస్లింలకే పరిమితం కాదు. కుక్క దాహం తీర్చిన వ్యక్తినే అల్లాహ్ క్షమించాడంటే, పొరుగున ఉన్న మనిషి ఏ మతంవాడైతేనేం?

చివరగా సూరె రాద్ 17వ ఆయతులోని ఉపమానాన్ని మననం చేసుకుందాం. అల్లాహ్ వాన కురిపిస్తాడు. లోయలు తమ తమ పరిమాణాన్ని బట్టి పారుతాయి. ప్రవాహం మీద నురుగు పైకి తేలుతుంది. నురుగు ఎండి ఎగిరిపోతుంది, మానవులకు ప్రయోజనమిచ్చేది నేలలో నిలిచిపోతుంది. మన సేవలో కూడా నురుగు ఉంటుంది, నీరూ ఉంటుంది. ఫలకాలు, ఫొటోలు, దండలు, పొగడ్తలు పైకి కనిపించేవి. మనం వచ్చేశాక ఆ కొండ మీద ఒక ఆడపిల్ల బిందె దించి బడికి వెళ్లిందా లేదా అన్నది నేలలో నిలిచేది. రేపు ప్రళయదినాన మన త్రాసులో తూగేది కూడా అదే.

అల్లాహ్ మన సంకల్పాలను పరిశుద్ధం చేయుగాక! మన చేతుల పనిలో నిలకడను, శ్రద్ధను ప్రసాదించుగాక! దాహంతో ఉన్న తన దాసులకు మనల్ని మేలు కలిగించేవారిగా చేయుగాక! ఆమీన్.